లేత్ మిషన్ బొట్టు

పెళ్లయిన కొత్తలో నాకొక సవతి ఉందని అందరితో అనేదాన్ని. అది కరీంనగర్‌లో మా ఆయన పనిచేసే కార్ఖానాలోని, ఇనుమును తిప్పి చెక్కే లేత్ మిషన్. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి ఎంతో కాలం కాలేదు. బావుల దగ్గర మోటలు పోయి ఆయిల్ ఇంజన్లు దిగుతున్నాయి. వాటి అరిగిన ఇరుసులూ తెగిన బోల్టులూ ఆ మిషన్ మీదికే వచ్చేవి. మేముండేది కార్ఖానా వెనక గదిలోనే, ఆయనా నేనూ మా అత్తా. సాయంత్రం పని ఆగాక మిషన్‌ను తుడిచి, మెత్తటి గుడ్డతో నూనె పూసి గానీ ఆయన గదికి వచ్చేవాడు కాదు. నా తలకు నూనె ఉందో లేదో ఎన్నడూ చూడని మనిషి, దానికి మాత్రం ఒక్క పూట తప్పనిచ్చేవాడు కాదు. చెమట చేత్తో దాని బెడ్డు, అదే పైనుండే నున్నటి ఇనుప పట్టాలు, ముట్టుకోబోతే కస్సుమనేవాడు.

"జంగు పడుతది, దూరముండు."

అంత కాపాడుకున్నదానికి దసరా పండుగే చేటు తెచ్చింది. కార్ఖానా యజమాని సేటు, ఆయన భార్య ఆయుధపూజ మహా భక్తిగా చేసేది. ఆమె మిషన్‌ను లక్ష్మి అనే పిలిచేది. పచ్చరంగు వేసిన కాళ్లూ పక్కలూ వదిలేసి, నున్నగా మెరిసే బెడ్డు మీదనే తడి పసుపు పూసి కుంకుమ బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కూడా అక్కడే కొట్టారు. ఆ తర్వాత వాళ్లు వేములవాడ వెళ్లి దర్శనం చేసుకుని వచ్చేదాకా మిషన్‌ను ఎవరూ ముట్టరాదు. అప్పుడే ముసురు పట్టింది. వాళ్లు వచ్చి చూసేసరికి బొట్టు పెట్టిన ప్రతిచోటా ఎర్రటి తుప్పు. గీకితే అడుగున గుంటలు. ఆనాటి నుంచి కోసిన మరలు వంకర రావడం మొదలుపెట్టాయి.

మా ఆయన చెప్పబోతే సేటు విననే లేదు. "అమ్మవారి బొట్టుకు జంగు పడుతదా? నువ్వే నూనె రాయలే. మల్లచ్చే దసరాకు గిట్లనే అయితే ఇంకో మిస్త్రీని సూసుకుంట."

పని పోతే గది కూడా పోతుంది. ఆ ఏడంతా మా ముగ్గురికీ అన్నం సహించలేదు.

మళ్లీ దసరా రానే వచ్చింది. మళ్లీ తడి పసుపు, బొట్లు, కొబ్బరినీళ్లు. మా అత్త పూజకు రాలేదు. మామ పోయినప్పటి నుంచి శుభం జరిగే గడప ఆమె తొక్కేది కాదు, తొక్కనిచ్చేవాళ్లూ లేరు. సేటు వాళ్లు బస్సెక్కి వేములవాడ వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. మా ఆయన నూనెగుడ్డ పట్టుకుని మిషన్ దగ్గరికి పోయాడు. పోయి, తుడవకుండా నా నుదుటి వైపు చూశాడు. లక్ష్మి బొట్టు తుడిస్తే ఆ కీడు ఎవరికి తగులుతుందోనని ఇద్దరికీ భయమే. తుడువమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"తుడువకుంటె పని పాయె, తుడిస్తె పాపమాయె. ఏం జెయ్యాలె అవ్వా?" అని తల్లిని కేకేసి అక్కడే కూలబడ్డాడు.

మా అత్త గదిలోంచి లేచి వచ్చి, గడప దాటి, కొడుకు చేతిలోని గుడ్డ గుంజుకుంది.

"నా బొట్టు తుడిసిననాడు ఎవలన్న జర ఆగిండ్రా? పానమున్న మనిషిదే తుడిసిండ్రు. గీ ఇనుముకు పెట్టింది తుడిస్తె ఏమైతది? నాకింక పోయేదేమున్నది, జరుగు."

కిరసనాయిలుతో పసుపంతా కడిగింది. కొడుకు చూపించిన సందుల్లో కొబ్బరినీళ్లు ఒత్తి తీసి, మిషన్ నూనె పట్టించింది. నాకు గుండె కుదుటపడింది. అట్లా కుదుటపడ్డందుకు సిగ్గు కూడా వేసింది.

సేటు వస్తూనే "బొట్టేది?" అని ఉరిమాడు. "నేనే తుడిసిన" అన్నది మా అత్త, వాకిట్లోంచే. అతను బెడ్డు మీద వేలితో రాసి చూశాడు. ఎక్కడా మచ్చ లేదు. మిషన్ నడపమన్నాడు. మా ఆయన పని నిలిచింది.

అంతటితో అయిపోతే బాగుండేది. మరుసటి దసరాకు హారతి అయి ప్రసాదం పంచాక, సేటు భార్య నన్ను పక్కకు పిలిచింది. "మేం బయలెల్లినంక మీ అత్తను పిలువు, తుడుస్తది" అన్నది. అప్పటినుంచి ఏటా అదే ఆచారమైంది. పూజకు పనికిరాని మనిషి తుడవడానికి పనికొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకసారి ఉండబట్టలేక, పోవద్దు అత్తా అన్నాను.

ఆమె నూనెగుడ్డ మడత పెట్టుకుంటూ లేచింది.

"ఊకో బిడ్డా. పండుగపూట నన్ను పిలిచేది గా ఒక్క కాడికే."