ఏడు రోజుల వాపసు గడువు

నా భార్య కుట్టు మిషను అమ్మకానికి పెట్టిన ప్రకటనను నేనే రాశాను. మోటారుతో నడిచే మిషను. కొని నాలుగేళ్ల రెండు నెలలు. ధర 9,200 రూపాయలు, బేరం లేదు. కళ్లకు శుక్లాల ఆపరేషను జరిగిన తర్వాత ఆమెకు సూదిలో దారం ఎక్కించడం కష్టమైంది. ఆ కారణాన్ని కూడా ప్రకటనలో రాశాను, ఎందుకంటే కారణం చెప్పని పాత వస్తువును నేనైతే కొనను. చివరి వాక్యం మాత్రం ఎవరూ రాయమని అడగలేదు. "అందిన రోజుతో కలిపి ఏడు రోజుల లోపు నచ్చలేదని చెబితే పూర్తి సొమ్ము వాపసు" అని రాశాను. ముఖం చూడకుండా ఫోనులో కొనేవారికి ఒక హామీ ఉండాలని నా ఉద్దేశం.

మేము ఉండేది గోదావరికి దగ్గరలో, చెన్నూరు దారిలో ఉన్న ఒక బొగ్గు గని కాలనీలో. ముప్పై నాలుగేళ్లు నేను ఆ గని మీద హాజరు గుమాస్తాగా పనిచేశాను. గనిలోకి దిగే ప్రతి మనిషి పేరు ఎదుట హాజరు వేయడం నా పని. దాన్ని మా దగ్గర మస్టర్ అంటారు. మస్టర్ పడితేనే ఆ రోజు కూలి. "నేనొచ్చిన సారూ, నువ్వే చూడలే" అని కిటికీ దగ్గర నిలబడి అరిచినవారు ఎందరో ఉన్నారు. నేను జవాబు చెప్పేవాడిని కాను, రిజిస్టరును తిప్పి చూపేవాడిని. పదవీ విరమణ జరిగి తొమ్మిదేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఇంట్లోకి వచ్చే, ఇంట్లోంచి పోయే ప్రతి రూపాయికీ తేదీ, సమయం వేసి ఒక పొడుగు పుస్తకంలో రాస్తాను.

ప్రకటన పెట్టిన నాలుగో రోజున కరీంనగర్ నుంచి ఒక ముస్లిం యువతి ఫోను చేసింది. ఇంటి దగ్గరే బట్టలు కుడుతుందట. బడి తెరిచే రోజులు గనుక, ఒక ప్రైవేటు బడికి నలభై జతల యూనిఫారాలు ఒప్పుకుందట. ఆమె తమ్ముడు కూరగాయల వ్యాను నడుపుతాడు. చెన్నూరులో సరుకు దించి తిరిగి వెళ్తూ, ఒకనాడు తెల్లవారి 5.40కి మా ఇంటి ముందు ఆపాడు. నా భార్య అతనికి చాయ్ ఇచ్చింది. అతను మిషను నడిపి చూసి, అక్కకు ఫోను చేశాడు. 5.52కి నా ఫోనులో 9,200 జమ అయినట్టు సందేశం మోగింది. వ్యాను కదలకముందే నేను పుస్తకం తెరిచి రాశాను: జూన్ 10, మంగళవారం, 5.52, మిషను అమ్మకం, 9,200.

ఆ తర్వాతి మంగళవారం, అంటే జూన్ 17న, సాయంత్రం 4.10కి ఆమె మళ్లీ ఫోను చేసింది.

"సార్, మీ మిషన్ అరగంట నడుస్తది, మోటర్ కాలుతది, బంద్ అయితది. మళ్ల గంట సేపు చల్లబడాలె. వాపస్ తీస్కోండి సార్."

నా భార్య ఎప్పుడూ రవికలే కుట్టేది, అదీ పావుగంట కుట్టి లేచేది. మోటారు సంగతి మాకు నిజంగానే తెలియదు. కానీ నేను మోటారు గురించి అడగలేదు. పుస్తకం తెరిచాను.

"నీకు మిషన్ ముట్టింది మంగళవారం బిడ్డా. గీ రోజు ఎనిమిదోది. గడువు నిన్ననే అయిపోయింది."

"మంగళవారం కాదు సార్, బుధవారం. మంగళవారం మా అత్తమ్మను దవాఖానకు తీస్కపోయిన, దినమంత ఆడనే ఉన్న. మా తమ్ముడు తెచ్చింది బుధవారం తెల్లారి."

"నీకు యాది తప్పుతుండొచ్చు. నా పుస్తకంల రాసి ఉన్నది."

"సార్, జర సమజ్ చేస్కోండి. సోమవారం నాటికి నలబై జతలు ఇయ్యాలె. ఇయ్యకుంటే బడోళ్లు ఇంకొకళ్లకు ఇచ్చేస్తరు, బట్ట పైసలు గూడ నా మీదనే పడ్తయి. మీ పైసలు వస్తేనే నేను వేరే మిషన్ కొంట."

"గడువంటే గడువు. ఒక్కరికి సడలిస్తే అది గడువే కాదు."

ఆమె అంది: "మీ పుస్తకం కుడ్తదా సార్, నలబై జతలు?"

ఫోను పెట్టేసింది.

ఫోను ఎప్పుడూ స్పీకరులో పెట్టే మాట్లాడతాను గనుక, వంటింటి గుమ్మంలో నిలబడి నా భార్య అంతా విన్నది. "మంగళారమో బుధారమో నాకెందుకు గని, ఆ పిల్ల గంత బతిమిలాడుతుంది. ఇచ్చెయ్యరాదు? ఒక్క రోజుకు ఏం మునిగిపోతది?"

"నీకు గుర్తుందా, ఏ వారం వచ్చిండో?"

"నాకు చాయ్‌ల చక్కెర తక్కువైంది గుర్తుంది" అని లోపలికి పోయింది.

నా దృష్టిలో అది ఒక రోజు ప్రశ్న కాదు. ఆ యువతి అబద్ధం చెబుతోందనే నమ్మాను. ఎనిమిదో రోజున ఫోను చేసి, ఏడో రోజు అనిపించుకోవడానికి ఒక దవాఖానను కల్పించిందని అనుకున్నాను. ఈ సంగతి రాయడం నాకు ఇష్టం లేదు. కానీ ఇది రాయకపోతే తర్వాత జరిగినదానికి అర్థం ఉండదు.

గురువారం ఉదయం 11.05కి మా బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. కొన్న మనిషి తన బ్యాంకు ద్వారా ఫిర్యాదు పెట్టిందనీ, నా ఖాతాలో 9,200 రూపాయలు తాత్కాలికంగా ఆపి ఉంచారనీ, వచ్చి వివరణ ఇవ్వాలనీ చెప్పారు. నేను భయపడలేదు. ఒకరకంగా సంతోషించాను. వాదన ఇప్పుడు లెక్క తెలిసినవారి ముందుకు వెళ్తోంది కదా. శుక్రవారం ఉదయం పది గంటలకు, తొమ్మిదేళ్ల పుస్తకాల్లో చివరి మూడింటిని సంచిలో పెట్టుకుని మంచిర్యాల బస్సెక్కాను.

బ్యాంకులో ఆ ఫిర్యాదును చూస్తున్న అధికారిణి వయసు ముప్పై లోపే. కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చినట్టు మాటను బట్టి తెలిసింది. కంప్యూటరు తెరను నా వైపు తిప్పింది.

"జూన్ పదకొండు, బుధవారం, ఉదయం ఐదు యాభై రెండు. డబ్బు మీకు అప్పుడే వచ్చింది, మాస్టారూ."

నేను ఈ మాటకు సిద్ధంగానే ఉన్నాను. "అది మీ బ్యాంకు ఆలస్యం అమ్మా. మీరు కొన్ని లెక్కలను ఒక రోజు ఆలస్యంగా వేస్తారు. నేను తొమ్మిదేళ్లుగా గమనిస్తున్నాను. ఇవిగో చూడండి" అని పుస్తకాలు విప్పాను. పాలవాడికి ఫోనులో ఇచ్చిన డబ్బు, తెల్లవారగానే కట్టిన కరెంటు బిల్లు, మా అల్లుడు పొద్దున్నే పంపిన మొత్తం. ఎక్కడ నా తేదీకీ బ్యాంకు తేదీకీ ఒక రోజు తేడా వచ్చిందో, అక్కడ ఎర్ర సిరాతో "బ్యాంకు ఆలస్యం" అని రాసి ఉంది. మూడు పుస్తకాల్లో అలాంటివి నూటికి పైనే ఉన్నాయి.

ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క ఎర్ర గుర్తు మీద వేలు పెట్టుకుంటూ తెరమీది సమయంతో సరిచూసింది. రెండు పేజీలయ్యాయి. మూడో పేజీ మధ్యలో ఆగింది.

"ఈ ఆలస్యాలన్నీ ఉదయం ఏడు లోపువేనండి. ఏడు దాటిన చెల్లింపుకు ఒక్కదానికీ ఆలస్యం లేదు." తలెత్తి చూసింది. "మా కంప్యూటరు ఏడింటిదాకా పడుకుంటుందా, మాస్టారూ?"

నేను పుస్తకం వైపు చూశాను. 5.20. 6.05. 5.52. 6.40. ఎర్ర గుర్తుల్లో ఏడు దాటినది ఒక్కటీ లేదు.

గని మీద రోజు అర్ధరాత్రి మొదలు కాదు. మొదటి షిఫ్టు ఉదయం ఏడింటికి దిగుతుంది, రెండోది మూడింటికి, మూడోది రాత్రి పదకొండింటికి. రాత్రి పదకొండింటికి దిగిన మనిషి మర్నాడు ఉదయం ఏడింటికి పైకి వస్తాడు గాని, అతని మస్టర్ దిగిన నాటి తేదీ మీదే పడాలి. అందుచేత నా రిజిస్టరులో ఉదయం ఏడు గంటల దాకా నిన్నటి తేదీయే నడుస్తుంది. ముప్పై నాలుగేళ్లు అలా రాసిన చెయ్యి, పదవీ విరమణ తర్వాత కూడా తెల్లవారుజామున జరిగిన ప్రతిదానికీ నిన్నటి తేదీ వేస్తూ వచ్చింది. తేడా కనిపించిన ప్రతిసారీ నేను బ్యాంకు మీద ఎర్ర సిరా పోశాను. నన్ను నేను ఒక్కసారీ అనుమానించలేదు.

ఆ యువతి ఏడో రోజునే ఫోను చేసింది. మంగళవారం దవాఖానలోనే ఉంది.

"తప్పు నాది" అన్నాను. "ఆమెకు డబ్బు ఇచ్చేయండి."

"మీరు ఒప్పుకున్నట్టు రాసిస్తే మేం పంపుతాం. అటువైపు బ్యాంకుకు చేరి, ఆవిడ ఖాతాలో పడేసరికి నాలుగైదు పనిదినాలు పడుతుంది."

నాలుగైదు పనిదినాలంటే బుధవారమో గురువారమో. యూనిఫారాలు ఇవ్వవలసింది సోమవారం. నేను అక్కడి నుంచే ఆ యువతికి ఫోను చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది.

"మంగళవారం కాదు బిడ్డా, బుధవారమే. నేనే తప్పు రాసుకున్న."

అటువైపు కత్తెర చప్పుడు ఆగింది. "అంటే... మీ పుస్తకం తప్పయిందా సార్?"

"అయింది. పైసలు నేను పట్టుకొస్త. బ్యాంకు పంపేదాక ఆగితే నీకు ఆలస్యమైతది."

"ఈడ షాపాయన నా కోసం ఒక మిషన్ ఆపిండు సార్. ఆరింటిదాకనే. ఆరు దాటితే వేరేటోళ్లకు ఇస్తా అన్నడు. ఆరు లోపు రాగల్గుతరా?"

"రాగలుగుత."

ఖాతాలో ఆపి ఉంచినది పోగా మిగిలిన పింఛను డబ్బులోంచి 9,200 తీసుకున్నాను. అధికారిణి మంచి మాటే చెప్పింది. ముందుగా ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు రాయించుకుని, ఆ తర్వాతే నగదు ఇవ్వాలట. లేకపోతే ఒకే సొమ్ము రెండుసార్లు పోవచ్చట. పూర్వమైతే అదే మాట నేనే మరొకరికి చెప్పి ఉండేవాడిని.

కరీంనగర్ బస్సు 1.20కి బయలుదేరింది. దారిలో రైల్వే గేటు దగ్గర పదిహేడు నిమిషాలు ఆగింది. ఆ పదిహేడు నిమిషాల్లో గడియారాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టలేదు. 3.50కి దిగాను. ఆటో పట్టుకుని ఆమె చెప్పిన గల్లీ చేరేసరికి 4.15. ముందు గదిలో కత్తిరించిన నీలం బట్ట గుట్టలుగా ఉంది. ఆమె నేల మీద కూర్చుని చేత్తో గుండీలు కుడుతోంది. మిషను మీద పనికాక, గుండీల పనైనా ముందుకు జరగాలని.

నేను కవరు ఇచ్చాను. ఆమె తీసుకుని, "కాయితం రాయాల్నా సార్? మీ అసొంటోళ్లు కాయితం లేంది ఊకుంటరా?" అంది.

"కాయితం తర్వాత. ముందు షాపుకు పోదాం పా."

ఆమె అత్తగారు మంచం మీద నుంచి, "పానీ తో పిలా, బేటీ" అని కోడలిని కేకేసింది. నేను నిలబడే నీళ్లు తాగాను. షాపు రెండు వీధుల అవతల ఉంది. షాపు యజమాని అప్పటికే ఇంకొకరికి ఆ మిషను నడిపి చూపుతున్నాడు. ఆమె గుమ్మంలోంచే అరిచింది.

"చాచా! ఆరు కాలే ఇంకా! నా మిషన్ మీద చెయ్యి పెట్టిండ్రేంది?"

"చూపిస్తున్న బేటీ, అమ్ముతలే. పైసలు తెచ్చినవా?"

"తెచ్చిన. పుస్తకం రాసేటాయన్నే వెంట తెచ్చిన, లెక్క తక్కువుంటే ఆయన్నే అడుగు."

ఆ మాటకు షాపులో ఉన్నవారంతా నవ్వారు. నేనూ నవ్వాను. మోటారు మీద చెయ్యి వేసి అరగంట నడిపించమన్నాను. ముప్పై ఐదు నిమిషాలు నడిచింది, వేడెక్కలేదు. మిషను ఆటోలో ఎక్కించేటప్పుడు సమయం 5.22. అప్పుడు ఆమె ఫోను తీసి, నా ఎదుటే ఫిర్యాదును వెనక్కి తీసుకుంటూ నాలుగు మాటలు రాసింది. తెరమీద పరిశీలనలో ఉందని మాత్రమే కనిపించింది. చేతిలో రుజువు లేకుండా నేను మంచిర్యాల బస్సెక్కాను. ముప్పై నాలుగేళ్లలో అలాంటి పని ఎన్నడూ చేయలేదు. బస్సులో హాయిగా కూర్చోగలగడం నాకే వింతగా తోచింది. జమ్మికుంట వైపు వెళ్లే ఎవరో ఒకాయన బస్సు తప్పెక్కి కండక్టరుతో గొడవపడుతుంటే, చాలా సేపు ఆసక్తిగా విన్నాను.

ఆపిన సొమ్మును శనివారం మధ్యాహ్నం బ్యాంకు వదిలిపెట్టింది. పాత మిషనును ఆమె తమ్ముడు ఆదివారం వ్యానులో తెచ్చి దించాడు. ఈసారి చాయ్‌లో చక్కెర సరిపోయిందో లేదో నా భార్య రెండుసార్లు అడిగింది.

సోమవారం మధ్యాహ్నం 1.30కి ఆ యువతి ఫోను చేసింది.

"ఇచ్చేసిన సార్, నలబై జతలు. పెద్ద టీచరు రెండు అంగీల గుండీలు వదులున్నయన్నది, ఆడనే నిలబడి కుట్టిచ్చిన. పైసలు గూడ ఇచ్చిండ్రు. చేతులు నొస్తున్నయి గని, ఫికర్ లేదు ఇగ."

"మంచిది బిడ్డా. మంచిది." అని ఫోను పెట్టేశాను.

నా భార్య పళ్లెంలో అన్నం పెట్టింది. కిందటి మంగళవారం నుంచి సరిగా తినడం లేదని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. పడుకుని, ఎవరూ లేపకుండా సాయంత్రం దాకా నిద్రపోయాను.