కందకుర్తికి రెండు రోజుల దారి

నా డైరీలలో కందకుర్తి నడక ఆరుసార్లు ఉంది. ఆరుసార్లూ నీలం సిరాతో దారి గీసి, పక్కన గంటలు వేసి, ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ నీళ్లు పట్టుకోవాలో రాసి ఉంది. నడిచింది మాత్రం ఒక్కసారే. అది కూడా ఆ ఆరింటిలో దేని ప్రకారమూ జరగలేదు.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా బోధన్ వైపు కాలువ కట్టల మీద నడిచాను. ఆ నడకకు జీతం ఇచ్చేవారు కాబట్టి దాన్ని నడక అనుకోలేదు. ఏ తూము దగ్గర గండి పడింది, ఏ కట్టలో ఎండ్రకాయలు బొరియలు చేశాయి, ఇవన్నీ సాయంత్రం డైరీలో రాసుకునేవాణ్ణి. రిటైరై నిజామాబాద్‌లో ఇంట్లో కూర్చున్నాక చేయి రాయడం మానలేదు గానీ, రాయడానికి ఏమీ ఉండేది కాదు. "ఈరోజు కరెంటు రెండుసార్లు పోయింది" అని రాసుకున్న పేజీలు చాలా ఉన్నాయి.

నన్ను మళ్లీ దారిలో పెట్టినవాడు ఒక రైతు. చిన్నప్పుడే తండ్రి వెంట కోస్తా నుంచి వచ్చి బోధన్ దగ్గర ఒక క్యాంపులో స్థిరపడ్డాడు. అటు నుంచి వచ్చినవాళ్ల పల్లెలను ఇక్కడ క్యాంపులనే అంటారు. నేను సర్వీసులో ఉండగా ఆయన నాకు పెద్ద తలనొప్పి. ఆయన పొలం కాలువకు చిట్టచివర. నీళ్లు రాలేదని వారానికోసారి ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడేవాడు. నీళ్లు వచ్చిన వారం కూడా వచ్చేవాడు, వచ్చాయని చెప్పడానికి. అట్లా మొదలైన పరిచయం. నాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి నేను అన్నా అంటాను. ఆయన ఇప్పటికీ నన్ను ఇన్‌స్పెక్టర్ గారూ అనే పిలుస్తాడు.

ఆదివారాలు ఇద్దరం కలిసి నడవడం మొదలుపెట్టాం. ఆర్మూర్ రాళ్ల గుట్ట ఎక్కాం. మల్లారం అడవిలో తప్పిపోయి ఒక మేకల మంద వెంట బయటపడ్డాం. పసుపు ఉడకబెట్టే రోజుల్లో వేల్పూర్ పొలాల గట్ల మీద నడిస్తే ఇంటికొచ్చాక కూడా చొక్కాకు ఆ వాసన పోలేదు. నడిచొచ్చాక బస్టాండ్ దగ్గర చాయ్ హోటల్లో కూర్చుని, పొద్దున గ్రౌండ్‌లో తిరిగే మిత్రులకు చెప్పుకోవడం ఒక భాగం. అక్కడ అన్న చెప్పే కథల్లో మల్లారంలో మాకు కనిపించిన పాము ప్రతిసారీ ఒక జానెడు పెరిగేది.

"అన్నా, డైరీల మూరెడే ఉన్నది" అన్నాను ఒకసారి అందరి ముందు.

"అది మూడేళ్ల కిందటి మాట ఇన్‌స్పెక్టర్ గారూ. ఈపాటికి పెరగదా?" అన్నాడు, చాయ్ ఊదుకుంటూ.

మా ఇద్దరికీ ఒక నియమం ఉంది. మెల్లగా నడిచేవాడు ముందు నడవాలి, వెనకవాడు ఆ అడుగును బట్టి నడవాలి. తొలి ఏళ్లలో ముందు నేనుండేవాణ్ణి. తర్వాత ఏ రోజు నుంచో ముందు ఆయన నడవడం మొదలైంది. అన్నీ రాసే నేను ఆ రోజు మాత్రం రాసుకోలేదు.

రెండు మోకాళ్లూ అరిగిపోయాయని, మార్చాల్సిందేనని డాక్టరు చెప్పాడు. అన్న ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. కందకుర్తి దాకా నడిచి వచ్చాకే ఆపరేషన్ అన్నాడు.

"మొక్కుకున్నవా?" అని అడిగాను.

"మొక్కూ లేదు, ముడుపూ లేదు. నలభై ఏళ్లు నీళ్ల కోసం మీ ఆఫీసు చుట్టూ తిరిగాను. ఆ నీళ్లు నా పొలం దాటాక ఏమైపోతాయో ఒక్కసారి వెంట నడిచి చూడాలి. ఇనుప కాళ్లు వేశాక అవి ఎవరి మాట వింటాయో ఏమో. ఇవైతే నా కాళ్లు."

ఆయన పొలం నీళ్లు మురుగు కాలువలో పడి, ఒర్రెలో, అంటే చిన్న వాగులో, కలిసి, చివరికి కందకుర్తి దగ్గర మంజీరలోకి, అక్కడి నుంచి గోదావరిలోకి పోతాయి. నాకు అది మ్యాపులో తెలుసు. సరే, ప్లాన్ నేను వేస్తానన్నాను. తప్పు అక్కడే మొదలైంది.

మొదటి ప్లాన్ వేసిన నెలలో వానలు ఆగలేదు. రెండోసారి కోతలు, దారి నిండా హార్వెస్టర్లు, ట్రాక్టర్లు. మూడోసారి మధ్యాహ్నం కూర్చోవడానికి నీడ సరిగ్గా కుదరలేదు. ఇప్పుడు చదివితే నాకే సిగ్గేస్తుంది, నీడ కోసం ఒక చలికాలం మొత్తం పోగొట్టాను. నాలుగు, ఐదు, ఆరు కూడా అట్లాంటివే. ప్రతిసారీ ఏదో ఒకటి సరిపోయేది కాదు. కొత్త కాగితం తీసేవాణ్ణి.

ఒకరోజు వదిన, అంటే ఆయన భార్య, ఫోన్ చేసింది. ఆవిడ ఎప్పుడూ నాతో నాలుగు మాటలకంటే ఎక్కువ మాట్లాడలేదు.

"అన్నయ్య గారూ, ఈయన పొద్దున మంచం దిగాలంటే గోడ పట్టుకుంటున్నారు. ఆపరేషన్ అంటే ఇన్‌స్పెక్టర్ గారు రమ్మనలేదుగా అంటారు. మీరేమో రాస్తూనే ఉన్నారట. ఆ రాయడం అయ్యేలోపు ఈయన కాళ్లు ఉంటాయా?"

ఫోన్ పెట్టేసి డైరీలు తీశాను. మొదటి ప్లాన్‌కు, ఆరో ప్లాన్‌కు మధ్య మూడేళ్లు. నా కాగితం బాగా కుదరడం కోసం ఒక మనిషి మూడేళ్లు నొప్పి భరించాడు. ఆయన ఒక్కనాడు కూడా నన్ను తొందర పెట్టలేదు. నీళ్ల కోసం తిరిగినవాడికి ఎదురుచూడటం అలవాటే కదా అనిపించి, ఆ ఆలోచన ఇంకా బాధ పెట్టింది.

ఆ వారమే బయలుదేరాం. మంచి చలి. క్యాంపులో ఆయన పొలం మూల నుంచి తెల్లవారగానే మొదలుపెట్టాం. వదిన పులిహోర కట్టిచ్చింది. మా ఇంట్లోంచి జొన్నరొట్టెలు, ఉల్లికారం తెచ్చాను. ఆయన చేతిలో కర్ర, నా జేబులో ఆరో ప్లాన్. దారి నా సర్వీసు నాటి డైరీ నుంచి తీసుకున్నదే. మురుగు కాలువ వెంట పోయి, ఒర్రెను రాళ్ల మీద దాటి, అవతలి ఊరి బాట పట్టాలి. ఆ డైరీలో ఒర్రె గురించి రెండే మాటలు ఉన్నాయి: "పొడిగా ఉంది. దాటాను."

పది దాటాక ఒర్రె దగ్గరికి వచ్చాం. రాళ్లు కనిపించలేదు. ఇటు గట్టు నుంచి అటు గట్టుకు నీళ్లు నిండుగా పోతున్నాయి.

నేను అది రాసిన రోజుల్లో ఈ చుట్టుపక్కల కనుచూపు మేర చెరకు. చెరకుకు తడి పెట్టి వదిలేస్తే చాలు, చలికాలంలో ఒర్రెలోకి చుక్క వచ్చేది కాదు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు పోయింది, అందరూ వరి వేశారు. వరి మడిలో నీళ్లు నిలబడాలి, ఎక్కువైనవి బయటికి పోవాలి. ఒర్రె ఇక ఎండదు. బతుకంతా నీళ్లు వదిలినవాణ్ణి, ఈ మాత్రం నాకు తట్టలేదు. చెరకు నాటి రాతను పట్టుకుని వరి పొలాల్లోకి వచ్చాను.

అన్న ముఖం చూశాను. ఆయనకు ఆశ్చర్యం లేదు.

"అన్నా, నీకు ఎరికేనా?"

"నా మడి నీళ్లే కదండీ, తెలీకుండా ఎలా ఉంటుంది?"

"మరి చెప్పొద్దా?"

"చెబితే ఏడో కాగితం రాసేవారు" అన్నాడు. అని గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పడం మొదలుపెట్టాడు.

నాకు భయమేసింది. అడుగున ఎంత బురద ఉందో తెలియదు. ఆ మోకాళ్లతో జారితే నేను లేపలేను. వెనక్కి పోదాం, రోడ్డెక్కి ఆటో పట్టుకుందాం అన్నాను. ఆయన రెండో చెప్పు కూడా విప్పాడు.

పక్క మడిలో ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. మమ్మల్ని చూసి అందులో పెద్దామె నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"ఓ బాపూ! ఒర్రెల దిగుతున్నరా ఏంది? బురద గుంజుతది. యాడికి పోవాలె?"

"కందకుర్తికమ్మా" అన్నాడు అన్న.

"బస్సు లేదా?"

"ఉంది."

"పైసల్లేవా?"

"అవీ ఉన్నాయి."

"మరేం రోగం?" అంది పక్కామె, మొత్తం మడి నవ్వింది. పెద్దామె మాత్రం గట్టు దాకా వచ్చి ఆయన కాలు చూసింది. "ఆగుండ్రి, ఆగుండ్రి. గీ బాపు మోకాలు సూడుండ్రే, గుమ్మడికాయ లెక్కున్నది" అని, ఇంకొకామెను పిలిచింది. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని, ఎక్కడ గట్టిగా ఉందో కాలితో చూసుకుంటూ ఆయన్ను అవతలికి చేర్చారు. నీళ్లు మోకాలికి కొంచెం పైకి వచ్చాయి.

"నిన్ను గూడ పట్టుకోవాల్నా తాతా, నువ్వే వస్తవా?" అని అడిగింది అవతలి నుంచి.

"నాకు కాలువలు కొత్త కాదు" అన్నాను. మూడో అడుగులో నడుం దాకా కూర్చుండిపోయాను.

"తాతకు కాలువలు కొత్త కాదట!" అని ఆమె అరిచి చెప్పింది, దూరంగా ఉన్నవాళ్లకు వినిపించలేదేమోనని. పడ్డందుకు బాధ లేదు గానీ అన్న బాపు, అంటే నాన్న, అయ్యాడు, నేను తాతనయ్యాను. ఆయన కంటే రెండేళ్లు చిన్నవాణ్ణి నేను.

మధ్యాహ్నం మూడు దాటేసరికి ఆయన పది అడుగులకోసారి ఆగుతున్నాడు. కుడి మోకాలు ఎర్రగా వాచింది. ప్లాన్ ప్రకారం మేము అప్పటికి సంగమం దగ్గర ఉండాలి. ఇంకా ఐదారు కిలోమీటర్లు ఉంది. రోడ్డు మీదికి వచ్చి ఒక ఊరి మొదట్లో నిలబడ్డాం. షేర్ ఆటో ఒకటి వచ్చి ఆగింది.

"కందకుర్తి, కందకుర్తి! కూసోండి బాపూ, రెండే సీట్లు."

అన్న నా వైపు చూశాడు. ప్లాన్ వేసేవాణ్ణి నేను కాబట్టి నా మాట కోసం ఆగాడు. పొద్దుగూకే లోపు ఆ కాళ్లు అక్కడికి చేరవని ఇద్దరికీ తెలుసు. ఎక్కమంటే ఎక్కేవాడు, తర్వాత ఒక్క మాట కూడా అనేవాడు కాదు. కానీ ఇంకోసారి నడవలేడు. చూడాలనుకున్నది అట్లాగే ఉండిపోయేది.

"నువ్వు పో తమ్మీ" అన్నాను డ్రైవర్‌తో. "మేం రేపు నడుస్తం."

రేపు అన్న మాట నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. నా ప్లాన్లన్నీ పొద్దున మొదలై అదే సాయంత్రం ఇంట్లో ముగిసేవి. ఒక దారికి రెండు రోజులు ఇవ్వొచ్చని ఆరు కాగితాల్లో ఒక్కసారి కూడా తట్టలేదు.

ఆ ఊళ్లో నా కింద లష్కర్‌గా, అంటే కాలువ కాపలాదారుగా, పనిచేసిన మనిషి ఉన్నాడు. వెతుక్కుంటూ పోయాం. గుమ్మంలో నన్ను చూసి, బురద ప్యాంటు చూసి, పక్కకు జరిగి దారిచ్చాడు.

"సారూ, ముప్పై ఏండ్లల్ల మా ఇంట్ల ఒక్కనాడు అన్నం తినలే నువ్వు. టైం లేదు, టైం లేదు అనుకుంట పోయినవ్. గిప్పుడు దొరికినవ్" అన్నాడు.

వాళ్ల ఇంటామె నువ్వుల నూనె వేడిచేసి ఇచ్చింది. లష్కర్ అన్న ముందు కూర్చుని రెండు మోకాళ్లకూ రాశాడు. అన్న వద్దు వద్దంటుంటే, "ఊకో అన్నా, చిట్టచివరి పొలం నీదే గదా? నీ తూముకు నీళ్లు రాలేదని సారు నన్ను ఎన్నిసార్లు తిట్టిండో. గా తిట్లన్నీ యాదికున్నయి" అన్నాడు. ఆ సంగతి అన్నకు అప్పటిదాకా తెలియదు. నా వైపు చూడకుండా తల వంచుకుని కూర్చున్నాడు.

మర్నాడు మంచు విడిపోయాక బయలుదేరాం. ఆయన ముందు, నేను వెనక. గడియారం చూడలేదు. ఆయన ఆగిన చోటల్లా ఆగాం. ఒక పసుపు చేను దగ్గర ఆగినప్పుడు ఎండిన ఆకుల్లో ఏదో కదిలింది. అది పామని ఆయన, తొండని నేను కాసేపు వాదించుకున్నాం.

సంగమం దగ్గర మెట్లు ఒక్కొక్కటిగా దిగాడు. చలికాలం కాబట్టి ఇసుక మేటలు బయటపడి ఉన్నాయి. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. ఆడవాళ్లు ఎవరో మరాఠీలో మాట్లాడుకుంటూ బట్టలు పిండుతున్నారు. అన్న పంచె పైకి కట్టి నీళ్లలోకి దిగి నిలబడ్డాడు.

"మనది ఎటువైపు నుంచి వస్తుంది?"

మంజీర వచ్చే దిక్కు చూపించాను. నిజాంసాగర్‌లో పట్టిందీ ఆ మంజీర నీళ్లే అని, కాలువలో వచ్చి, పొలం పారి, మళ్లీ అందులోకే వస్తుందని చెప్పాను. చాలాసేపు అటే చూశాడు.

"చాలానే మిగులుతున్నాయండీ" అన్నాడు చివరికి. "ఇంత మిగులుతుందని తెలిస్తే మీతో అన్నిసార్లు గొడవ పడేవాణ్ణి కాదు."

నీళ్లలోనే నిలబడి వదినకు ఫోన్ చేశాడు.

"వచ్చేశాం... ఆఁ, నడిచే. ఆటో ఎక్కలేదు, ఒట్టు... మోకాలా? వాచింది... సరే, విను. డాక్టరు గారికి చెప్పు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తానని."

తర్వాత ఫోన్ నాకిచ్చాడు.

"అన్నయ్య గారూ" అంది వదిన. "పొద్దున ఏమైనా తిన్నారా ఇద్దరూ?"

"తిన్నం వదినా" అన్నాను.