బర్మా తాడు లాగిన చెయ్యి

మొన్న మధ్యాహ్నం మా పెదనాన్న దగ్గరినుంచి నేను తువ్వాలు గుంజుకున్న తీరు చూసి ఇంట్లో అందరూ కంగుతిన్నారు. డెబ్భై దాటిన మనిషి, కళ్ళు చూపించుకుందామని తాండూరు నుంచి వికారాబాదు వచ్చి, తమ్ముడి కూతురి ఇల్లు కదా అని మా ఇంట్లో దిగినవాడు, నాలుగేళ్ళ నా పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏదో ఆట ఆడిస్తుంటే, చదువుకున్న మనిషి అంత మొరటుగా ప్రవర్తించవచ్చునా అన్న ప్రశ్న మావారి ముఖంలో కనిపించింది. పిల్ల నిద్రపోయింది కనుక దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను, నా ఈడువాళ్ళు ఎవరో ఒకరైనా అర్థం చేసుకుంటారని.

సంగతి వంటింటి తలుపుతో మొదలైంది. మా పిల్లకు తలుపులు తీయడం వచ్చినప్పటినుంచి నాకు మనసు నిలకడగా ఉండదు. కిరోసిన్ స్టవ్వు, వేడి గంజి, కత్తిపీట, నేను భయపడేవన్నీ ఆ తలుపు వెనకే ఉన్నాయి. దాని చెయ్యి అందని ఎత్తులో ఒక గడియ పెట్టమంటే వడ్రంగి రేపంటాడు, రేపు వచ్చాక కరెంటు లేదంటాడు. సౌదీలో మోటారు మెకానిక్కుగా పనిచేస్తూ సెలవు మీద వచ్చిన మా తమ్ముడు ఇది విని తన పెట్టెలోంచి ఒక డ్రిల్లింగు మిషను తీశాడు. పిస్తోలు ఆకారం, పిడిలోనే బ్యాటరీ, వెనక వేలాడే వైరు లేదు. అప్పుడు కూడా కరెంటు లేదు, దానికి అవసరమూ లేదు. పొయ్యి మీది పాలు పొంగేలోపు తలుపుకు తూట్లు పడ్డాయి, మరలు బిగిశాయి, గడియ కూర్చుంది. అక్కడ కార్ల కింద పడుకుని నట్లు విప్పడానికి కూడా ఇలాంటివే వాడతామని వాడు చెబుతుంటే నేను వినకుండా ఆ గడియనే వేసి తీసి, వేసి తీసి చూసుకున్నాను. ఒక వస్తువును చూసి కళ్ళకద్దుకోవాలనిపించడం నా జీవితంలో అదే మొదటిసారి.

పెదనాన్నకు అది నచ్చలేదు. మంచం మీదినుంచే, "గిదేం మిషన్‌రా, పోరగాండ్ల పిస్తోలు లెక్కున్నది! మేం బర్మాతోని తూట్లేసి కట్టిన లారీ ఏండ్లకేండ్లు కిర్రుమనకపోతుండె" అని, అంతటితో ఊరుకోక చపాతీ కర్ర తెప్పించుకుని, దాన్ని నిలువుగా పట్టుకుని, దానికి తువ్వాలు మెలికవేసి చుట్టి, రెండు కొసలూ నా కూతురి చేతుల్లో పెట్టాడు. "గుంజు బిడ్డా, జర గట్టిగ. గిటు... గటు. సల్ల సిలికినట్టు." పిల్ల పకపకా నవ్వుతూ లాగుతోంది. చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. నేను వెళ్ళి తువ్వాలు గుంజేశాను.

"ఏందే, గింత కోపమేంది నీకు? పోరి ఆడుకుంటున్నది."

"నా బిడ్డ చేతికి ఆ తాడు ఇయ్యకు పెదనాయినా."

"తాడేడున్నదే? తువ్వాల గదా!" అని ఆయన నవ్వాడు. నిజంగానే నవ్వాడు. ఆయనకు గుర్తు కూడా లేదు.

ఈమధ్య ఎక్కడ చూసినా పాతరోజుల పని గొప్పదని, చేత్తో చేసిన వస్తువుకు ప్రాణం ఉండేదని మురిసిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. ఉండేదేమో. ఆ ప్రాణం ఎవరి ఒంట్లోంచి తీసి పెట్టారో వాళ్ళు అడగరు. మా ఇంట్లో ఎవరి ఒంట్లోంచి తీశారో నేను చెప్పగలను.

తాండూరులో మాది లారీలకు కర్ర బాడీలు కట్టే షెడ్డు. బండల గనులనుంచి రాళ్ళు మోసే లారీలకు అరచేతి మందం పలకలు కావాలి, ఆ పలకలను ఇనుప పట్టీలకు బిగించడానికి బోల్టులు కావాలి, బోల్టు బోల్టుకూ ఒక తూటు కావాలి. ఆ తూట్లు వేసేదే బర్మా. నిలువుగా ఒక గుండ్రటి కర్ర, దాని కింద ఉక్కు ములికి, పైన అరచేత్తో నొక్కి పట్టుకునే టోపీ, నడుమ చుట్టిన తోలుతాడు. పెదనాన్న పైన బరువు వేసి నొక్కుతాడు. ఎదుట నిలబడిన మనిషి తాడు రెండు కొసలూ ఒకదాని తర్వాత ఒకటి లాగుతూ ఉండాలి, కవ్వం తాడు లాగినట్టు. అలా ఉంటుంది కనుకనే మా ఇంట్లో అది ఆడవాళ్ళ పని అయింది. చల్ల చిలికే చేతులకే దాని లయ తెలుస్తుందని, కూలివాడు లాగితే తూటు కోలగా పోతుందని పెదనాన్న శాసనం. ఇంకొక శాసనం కూడా ఉండేది. మొదలుపెట్టిన తూటు అవతలికి తేలేదాకా తాడు వదలకూడదు. నడుమ ఆపితే అది గుడ్డి తూటు, గుడ్డి తూటు పడ్డ లారీ రోడ్డు మీద నెత్తురు చూస్తుందని డ్రైవర్లు, ఓనర్లు అందరూ నమ్మేవారు.

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బళ్ళు నెలల తరబడి మూతపడినప్పుడు మా ఈడు పిల్లలందరూ గోళీలు, కచ్చకాయలు ఆడుకుని ఉంటారు. నన్ను బర్మా ముందు నిలబెట్టారు. పెద్దమ్మ చనిపోయిన ఏడాది అది, అంతవరకూ ఆమె లాగేదట. తాడు వేళ్ళతోనే పట్టుకోవాలి, మణికట్టుకు చుట్టుకోవద్దు, ములికి ఎక్కడైనా పట్టేస్తే చెయ్యి ఊడివస్తుంది అని పెదనాన్నే మొదటిరోజు నాకు నేర్పాడు. ఈ మాట గుర్తుంచుకోండి అని చెప్పను, నేను మాత్రం మరచిపోలేకపోయాను. బళ్ళు తెరిచాక కూడా ఉదయం బడికి ముందు, సాయంత్రం బడి తర్వాత తాడు నాదే. పలక మీద అక్షరం దిద్దబోతే బలపం వణికేది. పంతులు చేతివ్రాత బాగాలేదని కొట్టేవాడు. ఎందుకు బాగాలేదో చెబితే నవ్వేవాడు.

కరెంటు మిషను లేక కాదు. మా వీధికి కరెంటు వచ్చాక లారీ ఓనరు ఒకాయన, బషీరాబాదు దగ్గరి సాయెబు, "జర మిషన్ దెచ్చుకో భాయ్, ఆ పోరి చేతులు చూస్తే పాపమనిపిస్తుంది" అని చాలాసార్లు చెప్పాడు. నాన్న ధైర్యం చేసి ఒకటి తెచ్చాడు. దాని వైరు మా ఇంటి కిటికీలోంచి వాన నీళ్ళ మీదుగా షెడ్డుకు పోయేది. అతుకు దగ్గర తడిసి నాన్నను ఎత్తి పారేసింది. బతికాడు, కాని ఆ మిషను గోనెసంచిలోకి పోయింది, పెదనాన్న గెలిచాడు. అందుకే వైరు లేని ఆ మిషను తలుపు దగ్గర గిర్రున తిరుగుతుంటే నాకు కలిగిన సంబరం సామాను సంబరం కాదు. చచ్చేంత బరువైన బర్మాకూ, చంపబోయిన వైరుకూ మధ్య మేము గడిపిన ఏళ్ళకు అది ఆలస్యంగా వచ్చిన జవాబు.

ఇంటరు అయ్యాక నేను డిగ్రీ చదువుతానన్నాను. కాలేజీ వికారాబాదులో, పొద్దున రైలుబండికి పోయి సాయంత్రం బండికి రావాలి. ఇంట్లో ఎవరూ ఆడపిల్లకు చదువెందుకు అనలేదు. అని ఉంటే అదే మర్యాదగా ఉండేదేమో. పెదనాన్న అడిగింది ఒకటే, "మరి తాడెవలు గుంజుతరు?" నాన్న తల దించుకున్నాడు. అప్పుడు అమ్మ గుమ్మంలోంచి, "నేను గుంజుత బావా, దాన్ని పోనియ్యి" అంది. అంత తేలికగా తీరిపోయింది నా చదువు సమస్య. ఆరోజు నుంచి నేను బండిలో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తెరిచిన ప్రతి ఉదయం అక్కడ అమ్మ ఆ తాడు పట్టుకుని నిలబడేది. నేను పరీక్ష తప్పితే ఆ బేరం చెడిపోతుందని నాకు తెలుసు, అమ్మకు ఇంకా బాగా తెలుసు. ఒక్క సబ్జెక్టు పోయినా చాలు, చదువు దీనివల్ల కాదని తేల్చి నన్ను మళ్ళీ షెడ్డులో నిలబెట్టడానికి పెదనాన్న సిద్ధంగా ఉన్నాడు.

రెండో ఏడు పరీక్షలప్పుడు జరిగింది. ఆరోజు ఒక లారీకి ముహూర్తం, మధ్యాహ్నానికల్లా పూజ చేసి రోడ్డెక్కించాలని ఓనరు కొబ్బరికాయలతో వచ్చి కూర్చున్నాడు. తూట్లు ఇంకా మిగిలి ఉన్నాయి. అమ్మ నాకు జడ వేసి, పెరుగన్నం పెట్టి, "నిమ్మలంగ రాయి, బండి దొరకకుంటే ఉరకకు" అని పంపింది. ఆ తర్వాతిది నేను చూడలేదు, నాన్న ఏళ్ళ తర్వాత చెప్పాడు. అమ్మ తాడు కొసను మణికట్టుకు చుట్టుకునేదట, చల్లకుండ దగ్గర అలవాటు కొద్దీ. కుండలో కవ్వానికి అడ్డం పడేదేముంది? చుట్టుకుంటే పట్టు జారదు, అంతే. కర్రలో ముడి ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? నాకు మొదటిరోజే చెప్పిన పెదనాన్న రోజూ ఎదురుగా నిలబడి ఆ చుట్టు చూస్తూ కూడా ఆమెకు చెప్పలేదు, మరదలితో మాట్లాడటం ఆయన మర్యాద కాదు. ములికి ముడిలో పట్టేసింది. ముహూర్తం దాటిపోతోంది. ఆయన బర్మాను రెండు చేతులా పట్టుకుని, కాలు తన్నిపెట్టి, ఒక్కసారిగా వెనక్కి తిప్పాడు. తాడుతోపాటు అమ్మ చెయ్యి కూడా తిరిగింది.

"ఇడువకుండ్రి! గుడ్డి తూటైతది!" అని అరిచాడట. అమ్మ వదలలేదు. కుడిచెయ్యి వేలాడుతుంటే ఒక కొస ఎడమచేత్తో ఆమె, ఇంకొక కొస నాన్న పట్టుకుని ఆ తూటు అవతలికి తేల్చారు. ఆ తర్వాతే ఆమెను కట్టు కట్టేవాడి దగ్గరికి తీసుకుపోయారు.

సాయంత్రం నేను వచ్చేసరికి షెడ్డు ముందు బంతిపూల రేకులు, పగిలిన కొబ్బరి చిప్పలు ఉన్నాయి, లారీ పోయింది. అమ్మ పాతచీర ముక్కలో చెయ్యి వేలాడేసుకుని అరుగు మీద కూర్చుంది. "మంచిగ రాసినవా?" అని అడిగింది. నేను ఏడుస్తూ రేపటినుంచి పోనన్నాను. ఆమె కసురుకుంది. "నువ్వు ఆగినవనుకో, నా చెయ్యి ఉత్తగనే పోయినట్టు. పోయి చదువుకో." ప్రేమగా అనలేదు ఆ మాట. నేను ప్రేమతో చదవలేదు కూడా. మిగిలిన పరీక్షలన్నీ పళ్ళు కొరుక్కుంటూ రాశాను, తప్పలేదు.

ఆ మరుసటి వారం పెదనాన్న తాడుకు ఒక కూలివాణ్ణి పెట్టుకున్నాడు. అతను మగవాడు, ఏనాడూ చల్ల చిలికినవాడు కాదు. ఒక్క తూటూ కోలగా పోలేదు. లారీలన్నీ ఎప్పటిలాగే నడిచాయి. ఇదే నేను ఎన్నటికీ క్షమించలేనిది.

అమ్మ కుడిచెయ్యి అప్పటినుంచి భుజం దాటి లేవదు. కొప్పు తాను ముడుచుకోలేదు. డిగ్రీ అయ్యేదాకా, పెళ్ళయ్యేదాకా ఆమె తల నేనే దువ్వాను. నాన్న పోయాక ఆమె నా దగ్గరే ఉంటోంది. మనవరాలు ఎత్తుకోమని చేతులు చాస్తే తానే నేల మీద కూర్చుంటుంది, పిల్ల ఎక్కి మెడ పట్టుకుంటుంది. ఇప్పుడు చెప్పండి, తువ్వాలు గుంజుకోవడం తప్పా?

నిన్న పొద్దున పెదనాన్నను తాండూరు బండి ఎక్కించి వచ్చాక, అమ్మ పెరట్లో తమ్ముడి పక్కన నిలబడి ఉంది. ఆ మిషను ఒకసారి ఇయ్యమని అడిగింది. వాడు సంబరంగా ఒక పాత పలక గోడకు ఏటవాలుగా ఆనించి, ఎక్కడ నొక్కాలో చూపించాడు. పలక నడుము ఎత్తులో ఉంది కనుక ఆమె కుడిచేతికి ఇబ్బంది లేకపోయింది. నొక్కింది. ములికి ఒక్క గుక్కలో అవతలికి తేలింది. అమ్మ వేలు తీసి ఆ తూటులోంచి వస్తున్న వెలుతురు వంక కాసేపు చూసింది.

"గింతేనా?" అంది.

తమ్ముడు మిషను గొప్పదనం మెచ్చుకుంటోందనుకుని, "గింతే అమ్మా!" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. మళ్ళీ నొక్కింది, ఆ పక్కన మళ్ళీ, దాని పక్కన మళ్ళీ. మధ్యలో ఎవరూ ఆపలేదు. బ్యాటరీ మూలిగి ఆగిపోయేదాకా ఆ అక్కరలేని పలకకు తూట్లు వేసి, మిషను వాడి చేతికిచ్చి, పొయ్యి మీద పప్పు మాడుతోందని లోపలికి పోయింది.

ఆ రోజుల్లో పనిలో మనిషి తోడుండేదని, ఇప్పుడు ఎవరి గోడ ముందు వారు ఒంటరిగా నిలబడి మిషను నొక్కుకుంటున్నారని మన తరంవాళ్ళు వాపోవడం నేనూ విన్నాను. నిజమే, ఎదుట ఒకరుండేవారు. తోలుతాడు చప్పుడు, మద్దికర్ర పొట్టు వాసన, లయ కుదిరినప్పుడు నాన్న అమ్మ వంక చూసే చూపు, అవన్నీ నాకూ అప్పుడప్పుడూ గుర్తుకు వస్తాయి, వచ్చినందుకు నా మీద నాకే కోపం వస్తుంది. ఇప్పుడు ఆ ఎదుటి చోటు ఖాళీ. నా కూతురు అక్కడ నిలబడనక్కరలేదు. అంతకన్న నేను కోరేది లేదు. కాకపోతే ఆ చోటు అంత సులువుగా ఖాళీ చేయవచ్చునని తెలియడానికి మాకు ఇన్నేళ్ళు పట్టింది. అమ్మ "గింతేనా?" అని అడిగింది ఆ ఏళ్ళనే.