సువర్ణ పంపని సందేశం

అబద్ధాలు చెప్పడం నాకు కొత్త కాదు. ఆలస్యంగా వచ్చినందుకు, చేస్తానన్న పని చెయ్యనందుకు అందరూ చెప్పేలాంటివే. అవన్నీ మరిచిపోయాను. ఒక్కటి మాత్రం ఏళ్ల తరబడి మింగలేక, కక్కలేక మోస్తున్నాను. పెళ్లయింది, కొడుకు పుట్టాడు, ఉద్యోగం బాగానే ఉంది. అయినా అన్నం ముందు కూర్చున్నప్పుడు, రైల్లో కిటికీ పక్కన సీటు దొరికినప్పుడు, ఏ కారణమూ లేకుండా అది పైకి వస్తుంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అనుకోకండి.

మాది ముంబైలో కామాటిపుర. గల్లీ నంబరు చెప్పను. మా ముత్తాతలు పాలమూరు వైపు నుంచి రాళ్లు మోసే పనికి వచ్చి ఈ నగరానికి గోడలు కట్టారు. కామాటీలంటే వాళ్లే, పేటకు వచ్చిన పేరు వాళ్లదే. తరవాత ఇక్కడ వెలిసిన వేశ్యావాటిక వల్ల ఆ పేరుకు అంటిన మచ్చతో వాళ్లకు సంబంధం లేకపోయినా మోసేది మేమే. వరసగా ఒంటిగదుల ఇళ్లుండే మా చాల్‌లో ఆడపిల్లలు ఉద్యోగం అడగడానికి వెళ్తే చిరునామా దగ్గర చెయ్యి ఆగిపోతుంది. ముంబై సెంట్రల్ అని రాసి ఊరుకుంటారు, లేదంటే వేరేచోట ఉన్న బంధువుల ఇల్లు రాస్తారు. మగవాళ్లం అది చూసి నవ్వేవాళ్లం. మాకేం పోతుంది?

ఇరవైల్లో ఉండగా నేను గేములు ఆడటానికి ఒక కంప్యూటరు తయారు చేయించుకున్నాను. కంప్యూటరు సామాన్లు అమ్మే లామింగ్టన్ రోడ్డులో ఒక్కో భాగం ఏరి కొని, టాక్సీలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మా ఒక్క గదిలో దానికి చోటెక్కడ? అమ్మ కుట్టుమిషను అటక ఎక్కింది, ఆ మూలలో ఇది కూర్చుంది. చాల్‌లో పగలు ఎవరూ తలుపు వెయ్యరు. వేస్తే ఇంట్లో ఏదో జరిగిందనుకుంటారు. తలుపు తీసి ఉన్న ఇంట్లో వస్తువు మరి అందరిదీనూ. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో అందరి పాలగిన్నెలు ఉన్నట్టే నా కంప్యూటరు దగ్గరికి అందరి కరెంటు బిల్లులు, పరీక్ష ఫారాలు, రైలు టిక్కెట్లు వచ్చేవి. నాకది గొప్పగా ఉండేది. గల్లీ పిల్లలు నన్ను కంప్యూటర్ అన్న అని పిలిచేవారు.

ఇంతమంది వాడే యంత్రానికి ఏ కాపలా పెట్టాలి? ఆ ప్రశ్న నేను వేసుకోకపోలేదు. చాలా చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. కంప్యూటరుతో పాటు ఊరికే వచ్చే యాంటీవైరస్ ఒకటి ఉంది. కొనుక్కునేవి చాలా ఉన్నాయి. కొన్ని బాగా గట్టివి, కాని ఆట మధ్యలో లేచి ఫైళ్లన్నీ వెతకడం మొదలుపెడతాయి, తెర మీద బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, ఈలోగా ఎదుటివాడు మనల్ని కాల్చేస్తాడు. దుకాణంలో ఒకతను వేరేది చూపించాడు. ఆట నడుస్తున్నంతసేపు ఆ వెతుకులాటను వాయిదా వేస్తుంది గాని కాపలా మాత్రం ఆపదన్నాడు. మంచి సలహా ఇచ్చాడు. అదే కొన్నాను. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ ఇది రాసే పనే ఉండేది కాదు.

ఆగలేదు. గేములో నాకన్నా చిన్నవాళ్లు నన్ను ఓడిస్తున్నారు, వెనకాల నిలబడి పిల్లలు చూస్తున్నారు. కంప్యూటర్ అన్న ఓడిపోవడమేంటి? ఒకచోట ఒక దొంగ ప్రోగ్రాం దొరికింది. గోడల వెనక దాక్కున్న శత్రువుల్ని కూడా చూపిస్తుందట. దింపుకోగానే యాంటీవైరస్ దాన్ని పట్టి అవతల పారేసింది. మళ్లీ దింపాను. మళ్లీ పట్టింది. ఆ ప్రోగ్రాం ఇచ్చినవాడే కింద ఉపాయం రాశాడు, ముందు మీ యాంటీవైరస్‌ను ఈ ఫోల్డరు వైపు చూడొద్దనండి అని. నేను ఒక్క ఫోల్డరుతో ఆగకుండా మొత్తం డ్రైవు వైపే చూడొద్దన్నాను. అది సరేనంది. తెర మూలలో ఆకుపచ్చ గుర్తు మాత్రం అంతా క్షేమమన్నట్టు అలాగే ఉంది. ఎవరైనా అడిగితే ఆ గుర్తు చూపించేవాణ్ని. ఇక నా గెలుపులు మొదలయ్యాయి.

సువర్ణ మా పక్కగది యాదగిరి కాక కూతురు. కాక అంటే బాబాయి. రక్తసంబంధం కాదు, రెండు ఇళ్లకూ ఒకటే గోడ గనక కాక. నన్ను అన్నా అనేది. వాళ్లింట్లో మొదట డిగ్రీ చదివింది తనే. దాదర్ వైపు ఒక చిన్న బడిలో పసిపిల్లలకు టీచరుగా కొత్తగా చేరింది. చిరునామా మాత్రం అక్కడున్న మేనత్తది ఇచ్చింది. పిల్లలు ఇంట్లో చెయ్యాల్సిన పనుల్ని వాళ్ల తల్లిదండ్రులకు ఈమెయిల్లో పంపాలి, అందుకు మా ఇంటికి వచ్చేది. ఏనుగు బొమ్మకు ఏ రంగు వెయ్యాలో, ఏ పాట నేర్పాలో ఒక్కో మాటా ఆలోచించి రాసేది. నా గేముకు ఆలస్యమవుతోందని నేను విసుక్కునేవాణ్ని.

ఒకరోజు ఆమె పేరుతో, ఆమె ఈమెయిల్ నుంచి, ఆ తల్లిదండ్రులందరికీ ఒక సందేశం వెళ్లింది. అందులో ఏముందో రాయను. ఏ ఆడపిల్లా తన గురించి చెప్పుకోని మాటలు, కింద నొక్కమని ఒక లింకు. అలాంటివి ఎందరి పేర్లతోనో వెళ్తూనే ఉంటాయి, అందుకున్నవాళ్లు వైరస్ అని చెరిపేసి ఊరుకుంటారు. ఆ బడివాళ్లు కూడా మొదట అలాగే అనుకున్నారట. ఇంతలో ఎవరో ఆమె అసలు ఇల్లు ఎక్కడో కనుక్కున్నారు. కామాటిపుర అన్న మాట విన్నాక ఇంకెవరికీ వైరస్ గుర్తు రాలేదు. తప్పు లేనిదానివైతే చిరునామా ఎందుకు దాచావని అడిగారు.

ప్రిన్సిపాల్ ఒక దారి ఉంచింది. కంప్యూటరు తెలిసినవాళ్లెవరైనా వచ్చి, దోషం యంత్రంలో ఉంది, సందేశం దానంతట అదే వెళ్లింది అని చెబితే తల్లిదండ్రులకు తాను నచ్చజెబుతానంది. యాదగిరి కాకకు నేను తప్ప ఇంకెవరున్నారు? కాని ఆయన నన్ను నేరుగా బడికి రమ్మనలేదు. అప్పటికే చాల్‌లో గుసగుసలు లేచాయి. మా వాళ్లలో పరువు మాట పెద్దల ముందు తేలాలి. వరండాలో చాప పరిచి నలుగురు పెద్దలు కూర్చుంటారు. తెలిసినవాణ్ని పిలిచి అడుగుతారు, విని లేస్తారు. అక్కడ ఒకసారి చెప్పిన మాటను మళ్లీ ఎవరూ అడగరు. అదే మా పద్ధతి.

పెద్దల్ని పిలిచిన ఆదివారం పొద్దున, వాళ్లు కూర్చోకముందు, నేను మా తలుపు మూశాను. ఇంట్లో నేనొక్కణ్నే ఉన్నాను. డ్రైవు వైపు చూడొద్దన్న మాట వెనక్కి తీసుకుని మొత్తం వెతకమన్నాను. దొరికింది. వైరస్ నా దొంగ ప్రోగ్రాం కడుపులోనే ఉంది, పాస్‌వర్డులు కాజేసేదని పక్కనే రాసి ఉంది. ఫోనుతో ఒక్క ఫోటో తీస్తే సువర్ణ బయటపడేది. నేను తొలగించమని నొక్కాను. ఇంకోసారి వెతికించాను, ఏమీ లేదని వచ్చింది. అప్పుడు తలుపు తీసి బయటికి వెళ్లాను. పొరపాటున చేశానని, కంగారులో చేశానని మీకు చెప్పాలని ఉంది. కాని రెండోసారి ఎందుకు వెతికించాను మరి?

నర్సయ్య తాత అడిగాడు. వయసులో మేస్త్రీగా చేసిన మనిషి, చాల్ అంతటికీ పెద్ద.

“అరే బేటా, నాకైతే గా మిషిను సంగతి ఎర్కలేదు. మనిషి ముట్టకుంటనే అది చిట్టి పంపుతదా? ఖరా చెప్పు, నిజం చెప్పు.”

“వైరస్ ఉంటే పంపుతది తాతా. నా దాంట్ల లేదు. ఏక్‌దం మంచి సాఫ్ట్‌వేర్ పెట్టిన. గిప్పుడే చెక్ జేసిన, వచ్చి చూస్కోండ్రి.”

“అంటే ఎవ్వలో నొక్కితెనే పోయిందంటవ్?”

“అవ్ తాతా. ఎవ్వలో నొక్కిండ్రు.”

సువర్ణ వాళ్ల గుమ్మంలో నిలబడి ఉంది. “అన్నా, నేనేం నొక్కలే,” అంది.

“నీకు తెల్వకుంట నొక్కినవేమో చెల్లె,” అన్నాను. చాలా మెత్తగా అన్నాను. ఆ మెత్తదనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పెద్దలు లేచారు. ఒకాయన మా గదిలోకి వచ్చి ఆకుపచ్చ గుర్తును చూసి తల ఊపాడు. యాదగిరి కాక చాప చుట్టి గోడకు ఆనించి లోపలికి వెళ్లాడు.

ఎందుకు చెప్పాను ఆ అబద్ధం? ఎన్నో పెద్ద కారణాలు వెతుక్కున్నాను. అమ్మ బాధపడుతుందని, పోలీసుల దాకా పోతుందని. అవేవీ కావు. నా గెలుపులు దొంగ గెలుపులని గల్లీ పిల్లలకు తెలిసిపోతుందని. అంతే. ఇంకేమీ లేదు. ఒక ఆడపిల్ల పరువు ఒకవైపు, పిల్లల ముందు నా గొప్ప ఒకవైపు పెట్టుకుని చూసి నాదే ఎంచుకున్నాను. అది అలవాటులో జారిన మాట కాదు, ఎంపిక. ఇంత చిన్న కారణానికి అంత పని చేసినవాణ్ని ఏమంటారో నాకు తెలియదు.

బడికి వెళ్లి చెప్పేవాళ్లు లేక సువర్ణ ఉద్యోగం పోయింది. చిన్నమ్మ, అంటే సువర్ణ తల్లి, నల్లా దగ్గర అందరూ వెళ్లిపోయాకే బిందె తెచ్చేది. కొన్నాళ్లకు గది ఖాళీ చేసి నగరం శివార్లలో నాలాసోపారా వైపు వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు సామాను కిందికి దింపడానికి నేనే సాయం పట్టాను. కాక నా భుజం తట్టాడు.

ఈమధ్య దాదర్‌లో ఒక పెళ్లిలో సువర్ణ కనిపించింది. ఏదో ప్యాకింగ్ పనికి వెళ్తోందట. మళ్లీ ఏ బడికీ వెళ్లలేదు. నన్ను చూసి ముఖం తిప్పుకుంటుందనుకున్నాను, తిప్పుకుంటే బాగుండేది. దగ్గరికి వచ్చి అమ్మ ఎలా ఉందని అడిగింది. నా మీద కోపం లేదని, నేను ఉన్నమాటే కదా చెప్పానని అంది. ఆ రోజు ఏం నొక్కానా అని ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉంటానని, ఎంత తలుచుకున్నా గుర్తు రాదని అంది. ఫోనులో ఏదైనా నొక్కాలన్నా భయమేస్తుందని నవ్వింది. చెప్పడానికి అంతకన్నా మంచి చోటు, మంచి సమయం దొరకవు. పక్కనే ఎవరూ లేరు. నేను తల ఊపి, భోంచేశావా అని అడిగాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమెను అడిగే ముఖం నాకు లేదు. రేపు వెళ్లి చెబుతానని కూడా మాటివ్వలేను, నన్ను నేను బాగా ఎరుగుదును. ఇది రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం లోపలికి దిగుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. నర్సయ్య తాత పోయాడు. ఆ వరండాలో నన్ను మళ్లీ ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుతున్నాను.

మిషినే పంపింది తాతా. ఆటల దొంగతనంగ గెల్వనీకి దాని కాపలా నేనే తీసేసిన. సువర్ణ ఏం నొక్కలే.