గుండ్రం తప్పిన ఎర్ర వలయం

ఆ ఉదయం అమీర్‌పేటలో, ఎస్.ఆర్. నగర్ వైపు తిరిగే సందులో, మ్యాన్‌హోల్ మూత తీసి రోబోను మురుగు పైపులోకి దించాం. చక్రాల మీద నడిచే ఆ యంత్రానికి ముందు కెమెరా, పక్కనే లేజర్ దీపం ఉంటాయి. ఆ దీపం పైపు లోపలి గోడ మీద ఎర్రటి వలయం గీస్తుంది. పైపు బాగుంటే వలయం గుండ్రంగా ఉంటుంది. వ్యానులో కూర్చుని తెర మీద దాన్ని గమనించడం నా పని. కేబుల్ వదిలేది నాతో పనిచేసే అన్న.

కొంత దూరం పోయాక వలయం పైభాగం మాయమైంది. కాంక్రీటు ఉండాల్సిన చోట నల్లటి ఖాళీ.

"కెమెరాకు బురద అంటిందేమో మేడం. జర వెనక్కి తీసి చూద్దాం," అన్నాడు అన్న.

వెనక్కి లాగి, తుడిచి, మళ్ళీ పంపాం. అదే ఖాళీ. కెమెరాను పైకి తిప్పితే మట్టి రాలుతూ కనిపించింది. లోపలికి పోయిన కేబుల్ పొడవును బట్టి రోడ్డు మీద ఆ చోటు వెతుక్కుంటూ నడిచాను. సరిగ్గా అక్కడ ఇడ్లీ బండి. చుట్టూ ప్లేట్లు పట్టుకుని హాస్టల్ పిల్లలు.

"అక్కా, బండి పక్కకు తీయాలి. కింద పైపు పగిలి మట్టి జారిపోయింది," అన్నాను బండి నడిపే ఆమెతో.

"గదేంది మేడం, రోడ్డు మంచిగనే ఉంది కదా! గిరాకీ టైంల ఏడికి పోవాలె?"

నిజమే, రోడ్డు మీద చిన్న పగులు కూడా లేదు. నేను పొరబడ్డానేమో? కానీ పొరబడకపోతే? ఆ పిల్లల కాళ్ళ వైపు చూడలేకపోయాను. ఆమెను వ్యాను దగ్గరికి తీసుకెళ్ళి తెర చూపించాను. మేం చూస్తుండగానే మట్టిపెళ్ళ ఒకటి ఊడి నీళ్ళలో పడింది.

"గిది నా బండి కిందనా?"

తలూపాను. ఆమె పరుగున వెళ్ళి, "అందరు జరుగుండ్రి!" అని కేకేసి పొయ్యి ఆర్పింది. అన్నా నేనూ బండి నెట్టాం.

రోబోను బయటికి లాగేసి, పంజాగుట్టలోని మా ఆఫీసుకు ఫోన్ చేశాను.

"రోడ్డు కుంగుతుందని ఖాయంగా చెప్పగలవా?" అడిగారు మా ఇంజినీరు సార్.

"చెప్పలేను సార్. కానీ అక్కడ ఎవరినీ నిలబడనివ్వను."

బారికేడ్లు వచ్చేదాకా, సందులోకి తిరిగిన ప్రతి బైకుకూ చేతులడ్డం పెట్టి అరుస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం జేసీబీ వచ్చింది. దాని పళ్ళు ఆనగానే తారు పెచ్చులా విరిగి లోపలికి పోయింది. కింద మనిషి మునిగేంత గుంత.

ఇడ్లీ బండి ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నరా మేడం?" అంది.

లేదన్నాను. ఆమె వెనకే బండి దగ్గరికి నడిచాను.