బిరుదుల్ని లెక్కచెయ్యని చాచా

చాచా పోయారని మొన్న మధ్యాహ్నం రాయచోటి నుంచి ఆయన అల్లుడు ఫోన్ చేశాడు. జ్వరమని పడుకున్నారట, నాలుగో రోజు ఇక లేవలేదట. నేను అప్పుడు దుబాయ్‌లో మా హోటల్ హాల్లో విందుకి బల్లలు సర్దుతున్నాను. మా ముదీర్‌కి, అంటే మేనేజరుకి, చెబితే "ఎవరు?" అన్నాడు. పదకొండేళ్లు ఇదే హాల్లో వడ్డించిన మనిషి అతనికి గుర్తు లేడు. ఏ అతిథిని ఏ బిరుదుతో పిలవాలో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అందరికీ ఆయన చాచాయే. హోటల్ వాళ్లిచ్చిన పేరు కెప్టెన్, అంటే వడ్డించే మా పన్నెండు మందికి పెద్ద. అంతకుముందు ఊళ్లో ప్రైవేటు స్కూల్లో చరిత్ర చెప్పేవారు. అతిథులు వదిలేసిన ఇంగ్లీషు పేపర్లు మడిచి తెచ్చుకుని, భోజనం వేళ సామాను మోసేవాళ్ల పక్కన కూర్చుని చదివేవారు. చదువుతూ తనలో తను నవ్వుకునేవారు.

మూడేళ్ల కిందట, యూరప్‌లో ఏదో చిన్న దేశపు రాజకుటుంబం నుంచి ఒక చుట్టం మా హోటల్‌కి భోజనానికి వస్తున్నాడన్నారు. ఎవర్ని ఎలా పిలవాలో రెండు పేజీల కాగితం ఇచ్చారు. మొనాకో ఆయన ప్రిన్స్, లిక్టెన్‌స్టైన్ ఆయనా ప్రిన్సే, లక్సెంబర్గ్ ఆయన గ్రాండ్ డ్యూక్. నాది జగిత్యాల దగ్గర పల్లె. నాకు తల తిరిగింది.

"అందరు రాజులే గద చాచా, ఒక్కొక్కనికి ఒక్కో పేరెందుకు?"

"ఇచ్చినోడు ఏం రాస్తే అదే పేరబ్బీ" అన్నారు. "లిక్టెన్‌స్టైన్ దొరలకు అప్పటి జర్మన్ల చక్రవర్తి సభలో కుర్చీ కావల్సొచ్చింది. దానికోసం రెండు తునకలు నేల కొన్నారు. చక్రవర్తి ఆ రెండూ కలిపి ప్రిన్స్ రాజ్యమన్నాడు. నూరేళ్లు దాటినా ఒక్క ప్రిన్సూ ఆడికి పోయి చూడలా. మొనాకో దొర తనే ప్రిన్స్ అని రాసుకున్నాడు, పక్కనుండే పెద్ద రాజులు సరే పోనీ అన్నారు. లక్సెంబర్గ్‌ని పెద్ద దేశాలు కూర్చోని డచ్చి రాజు చేతిలో పెట్టి, గ్రాండ్ డ్యూక్ అని పేరు తగిలించినాయి. నీ వీసా మీద ఏముండాది?"

"క్లీనర్."

"చేసేది?"

"వడ్డిస్తున్న."

"వాళ్లదీ అంతే. ఖలాస్."

అంత తీసిపారేసిన మనిషే, మా ఉద్యోగాల కోసం, ఆ బిరుదుల్ని నాచేత పదిసార్లు వల్లె వేయించారు.

ఆ చుట్టం వచ్చాడు. ఏలడానికి జానెడు నేల లేదు. సూప్ చల్లగా ఉందని రెండుసార్లు వెనక్కి పంపాడు. మూడోసారి నేనే పట్టుకెళ్లి, కంగారులో బిరుదు మర్చిపోయి "సర్" అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. పక్కనున్న కార్యదర్శి మాత్రం చెంచా కింద పెట్టి మా ముదీర్ కోసం చూశాడు.

వంటింటి వెనక మమ్మల్నందర్నీ నిలబెట్టారు. రేపే నా వీసా క్యాన్సిల్ అన్నాడు ముదీర్. "వీడికి ఎవరు నేర్పారు?"

"నేనే సార్" అన్నారు చాచా. "సర్ అంటే చాలని నేనే చెప్పినా. వాడు నేను చెప్పినట్టే అన్నాడు."

అది అబద్ధమని పన్నెండు మందికీ తెలుసు. నాకు అందరికన్నా బాగా తెలుసు. ఆ చుట్టం సూప్‌ని, ఆ కార్యదర్శిని, ముదీర్‌ని ఇప్పటికీ అసహ్యించుకుంటాను. ఆ రోజు నేలచూపులు చూసిన నన్ను నేను ఇంకాస్త ఎక్కువే అసహ్యించుకుంటాను.

ముదీర్ చెయ్యి చాపకముందే చాచా చొక్కా మీది కెప్టెన్ బ్యాడ్జి తీసి, ఉల్లిపాయలు తరిగే బల్ల మీద పెట్టేశారు. వారం తిరక్కుండా ఆయన్ని ఊరు మార్చి, రాస్ అల్ ఖైమాలో ఇదే కంపెనీ హోటల్లో ప్లేట్లు కడగడానికి పంపారు. నా ఉద్యోగం నిలిచింది.

నెల తర్వాత ఒక శుక్రవారం వెతుక్కుంటూ వెళ్లాను. వెనక గేటు దగ్గరికి వచ్చారు, చేతులు మోచేతుల దాకా నురగ.

"ఈడ నెమ్మదిగా ఉండాది అబ్బీ. ప్లేట్లకు బిరుదులుండవు" అన్నారు.

తప్పు ఒప్పుకుందామనే వెళ్లాను. "చాచా, ఆ రోజు..." అనేలోపే, "తిన్నావా?" అని అడిగారు. లోపలినుంచి ఎవరో పిలిచారు. నా చొక్కా తడవకుండా అరచేతులు దూరంగా పట్టి, మోచేతులతోనే నన్ను దగ్గరికి తీసుకుని వెళ్లిపోయారు.

తిరుగు వ్యాన్‌లో ఏసీ గాలికి వీపు మీద రెండు చోట్ల చల్లగా తగిలింది. అంత జాగ్రత్తపడ్డా తడి అంటింది. సీటుకు ఆనకుండా ముందుకు వంగి కూర్చున్నాను. దారిలో ఉమ్ అల్ క్వైన్ రాకముందే అది ఆరిపోయింది.