బైరాగి నిలబడ్డ చోటు

బారువ దగ్గర కొబ్బరి పీచు తీసే కార్ఖానాలో బైరాగి చాలా ఏళ్లు మిషను మీద పనిచేశాడు. కొబ్బరికాయల మీద ఒలిచిన డొక్కల్ని రోలర్ల మధ్యకు నెట్టాలి. లోపల మేకుల డ్రమ్ము తిరిగి వాటిని పీచు చేస్తుంది. ఒకరోజు తడి డొక్క ఒకటి అడ్డం పడింది. మిషను ఆపితే మేస్త్రీ తిడతాడని ఆపకుండానే చెయ్యి పెట్టాడు. డొక్కతో పాటు చెయ్యీ లోపలికి పోయింది. ఆసుపత్రిలో కుడిచేతిని మోచేతి దాకా తీసేశారు.

యజమాని ధనుంజయ్ పళ్ల బుట్ట పట్టుకుని చూడటానికి వచ్చాడు. కేసులవీ వద్దని, బైరాగి బదులు అతని భార్య ప్రమోదినికి పనిస్తానని చెప్పాడు. బైరాగి మంచం మీంచే తలూపాడు.

ప్రమోదిని మొదట పీచు ఆరబెట్టే పని చేసింది. వానలు తగ్గాక ఆమెను మిషను మీదికి మార్చారు. తను నిలబడ్డ చోటే ఆమె నిలబడుతోందని తెలిసిన దగ్గర్నుంచి బైరాగికి ఇంట్లో ఏదీ సరిపడలేదు. ఆమె తలలో పీచు పొట్టుతో వచ్చేది. ఆ వాసన తనది. ఆమె జడ వేసుకోవడానికి రెండు చేతులూ వెనక్కి పెడితే చూడలేక వీధిలోకి పోయేవాడు. మెకానిక్కు వెంకటేష్ చెప్పిన కబుర్లు ఆమె నవ్వుతూ చెబుతుంటే, ఎడంచేత్తో కలుపుకుంటున్న అన్నం సగంలో వదిలేసి లేచిపోయేవాడు.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక కార్ఖానాకు వెళ్లి డొక్కల గుట్ట చాటున నిలబడ్డాడు. వెంకటేష్ ఆమె పక్కనే ఉంటాడనుకున్నాడు. అతను ఎక్కడో మోటారు దగ్గర ఉన్నాడు. మిషను నోటికి మాత్రం కొత్తగా ఇనప జాలీ బిగించి ఉంది. పక్కనే ఎర్ర స్విచ్చి. డొక్క ఇరుక్కుంది. ప్రమోదిని స్విచ్చి నొక్కి, డ్రమ్ము పూర్తిగా ఆగాక కర్రతో దాన్ని లాగింది. అంతసేపూ మేస్త్రీ నోరెత్తకుండా నిలబడ్డాడు. ఆమెను పరాయివాడి పక్కన చూసినా బైరాగికి కడుపు అంత మండేది కాదేమో.

సాయంత్రం ఆమె కాళ్లు కడుక్కోకముందే అడిగాడు.

"ఆ జాలీ ఎప్పుడెట్టినారు?"

"నేను మిషనెక్కిన రోజు. అదెడితేనే ఎక్కుతానన్నాను."

"మరి నాకెందుకెట్టనేదు?"

ఆమె చెంబుతో కాళ్ల మీద నీళ్లు పోసుకుంది.

"నువ్వడగనేదు మావా. బయపడ్నాడంటారని ఊరుకున్నావు."

బైరాగి చేతిలోని గ్లాసు గోడకేసి కొట్టాడు. కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమె వడ్డిస్తే తినేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. కానీ ఆ జాలీ అతన్ని వదల్లేదు. ఆడమనిషి ఒక్క మాటంటే పెట్టిన జాలీ, తన చెయ్యి ఉన్నన్నాళ్లూ ఎందుకు పెట్టలేదు? ఆమె మీద ఉన్న కోపం మెల్లగా ధనుంజయ్ వైపు మళ్లింది. టెక్కలి వెళ్లి లేబరు ఆఫీసులో కేసు పెడతానన్నాడు. పెడితే ఆమె పని పోతుందని ఇద్దరికీ తెలుసు.

"పోతే పోనీ. ముందే ఎల్లవలిసింది," అంది ప్రమోదిని.

పని పోయింది. విచారణ రోజు ధనుంజయ్ మనిషి, జాలీ మొదట్నుంచీ ఉందని వాదించాడు. అది ఎప్పుడు బిగించారో ప్రమోదిని చెప్పింది. అందరూ ఆమె మాటే వింటుంటే బైరాగికి మళ్లీ గుండెలో చురుక్కుమంది. ఆఫీసరు ప్రమాదం గురించి ఆమెనే అడగబోయాడు.

"ఆయన్నడగండి బాబూ. చెయ్యెట్టిన మనిషాయన," అందామె.

బైరాగి లేచి నిలబడ్డాడు. తడి డొక్క సంగతి, మేస్త్రీ తిట్ల సంగతి, పళ్ల బుట్ట సంగతి, ఏదీ వదలకుండా చెప్పాడు. ధనుంజయ్ నష్టపరిహారం కట్టాలని చివరికి తేలింది. ఆ డబ్బుతో బైరాగి వీధి చివర కిరాణా కొట్టు పెట్టాడు. ఎడంచేత్తో పొట్లాలు కట్టడం అలవాటైంది.

ప్రమోదిని ఇప్పుడు కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళుతోంది. పొద్దున్నే ఆటో వస్తుంది. అందులో ఎవరెవరు ఎక్కుతారని బైరాగి ఇప్పటికీ అడుగుతాడు. ఆమె విసుక్కోకుండా ఒక్కొక్కరి పేరూ చెబుతుంది.